సీ భాషను చేసిన డెన్నిస్ రిచీ గారు



మహనీయుల జీవితాలు అనే మన శీర్షికలో ఇప్పటిదాకా అందరూ స్వాతంత్ర్యం కోసం కొట్లాడినవాళ్ళ గురించి, రాజుల గురించి రాశారు. ఈసారి నా వంతు. నేను ఒక కంప్యూటరు మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు డెన్నిస్ రిచీ. అమెరికా దేశస్థుడు. ఆయన చనిపోయే నాటికి మనలో చాలామంది ఇంకా పుట్టనే లేదు. ఆయన ఫోటో పాఠ్యపుస్తకాల్లో ఉండదు, గోడల మీద ఉండదు.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే దానికి ఒక కారణం ఉంది. పోయిన ఏడు నాకు ఒక సర్టిఫికెట్టు కావాల్సి వచ్చింది. కంప్యూటరులో కొట్టి ఇచ్చారు. తండ్రి పేరు ఉండాల్సిన చోట మా ఊరి పేరు, ఊరి పేరు ఉండాల్సిన చోట మా నాయన పేరు వచ్చింది. మా నాయనకు చదువు రాదు. కాయితాన్ని జాగ్రత్తగా మడతపెట్టి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చిండు. నేను చదివి చెప్పేదాకా అందులో తప్పు ఉందని ఆయనకు తెలియదు. మల్లా పోయి మార్పించుకునేసరికి రెండు రోజుల కూలి పోయింది. ఇది ఎవరి తప్పు అని అడిగితే కంప్యూటరు అట్లా కొట్టింది అన్నారంట. కంప్యూటరు తనంతట తాను అట్లా కొడుతుందా? ఈ మాట మా కంప్యూటరు సారును అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, బోర్డు మీద ప్రింట్‌ఎఫ్ అని రాశారు. ఈ కథ నాకు అక్కడ దొరికింది.

రిచీ గారు 1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి అలిస్టేర్ రిచీ గారు బెల్ లేబొరేటరీస్ అనే పెద్ద పరిశోధన సంస్థలో పని చేసేవారు. అది టెలిఫోను కంపెనీ వాళ్ళది. ట్రాన్సిస్టరు పుట్టింది అక్కడే, 1947లో. తండ్రి ఇంకో ఇద్దరితో కలిసి స్విచ్చింగ్ సర్క్యూట్ల మీద ఒక పుస్తకం కూడా రాశారు. అంటే పుస్తకం రాసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడన్న మాట. మన ఇళ్ళల్లో అట్లా ఉండదు. నిజం చెప్పాలంటే ఇది చదివినప్పుడు నాకు కొంచెం కుళ్ళు కలిగింది.

తర్వాత వాళ్ళ కుటుంబం న్యూజెర్సీ రాష్ట్రంలోని సమ్మిట్ అనే ఊరికి మారింది. రిచీ గారి హైస్కూలు చదువు అక్కడే అయింది. ఆ తర్వాత హార్వర్డు యూనివర్సిటీలో చేరి 1963లో భౌతికశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నారు. అక్కడే గణితంలో పై చదువు చదివారు. 1968 నాటికి డాక్టరేటు కోసం థీసిస్ రాయడం కూడా అయిపోయింది. కాని డాక్టరేటు రాలేదు. థీసిస్‌ను బైండు చేయించి లైబ్రరీకి ఇవ్వాలనే నియమం ఉంటే ఆయన ఆ పని చేయలేదని చెబుతారు. మన దగ్గర రికార్డు అట్ట వేసి ఇవ్వకపోతే మార్కులు వేయరు గదా, అట్లాంటిదే. ఆ చిన్న పని ఎందుకు చేయలేదా అని నేను చాలాసేపు ఆలోచించాను. మనకైతే ఒక్క కాయితం తక్కువైతే సీటు పోతుంది. ఆయనకు ఆ కాయితం లేకపోయినా పని దొరికింది. 1967లోనే ఆయన బెల్ లేబొరేటరీస్‌లో చేరిపోయారు, తండ్రి పని చేసిన చోటే.

అక్కడ మొదట మల్టిక్స్ అనే పెద్ద పని నడుస్తోంది. ఒకే కంప్యూటరును ఎంతోమంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు అది. మూడు పెద్ద సంస్థలు కలిసి మొదలుపెట్టిన పని ఎంతకీ తెమలలేదు. 1969లో బెల్ వాళ్ళు దాని నుంచి తప్పుకున్నారు. అప్పుడు రిచీ గారి తోటి ఉద్యోగి కెన్ థాంప్సన్ గారు పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7 అనే కంప్యూటరు ఒకటి చూసుకుని, దాని మీద సొంతంగా చిన్న ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. దాని పేరే యూనిక్స్. రిచీ గారు ఆ పనిలో కలిశారు. ఆ పీడీపీ-7 జ్ఞాపకంలో 18 బిట్ల గదులు 8192 మాత్రమే ఉండేవి. ఇప్పుడు ఫోనులో మనం తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు.

మొదటి యూనిక్స్‌ను ఆ యంత్రం సొంత భాషలో రాశారు. అప్పట్లో ఒక్కో రకం యంత్రానికి ఒక్కో భాష. ఒకదానికి రాసినది ఇంకోదానికి పనికిరాదు. మనం ఒకటో తరగతిలో మొదటిసారి తెలుగు పుస్తకం ముందర కూర్చున్నప్పుడు ఎట్లా ఉండిందో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి. ఆ యంత్రాల పరిస్థితి కూడా అదే. యంత్రం మారితే మొత్తం మొదటి నుంచి మల్లా రాయాలి.

థాంప్సన్ గారు బీ అనే చిన్న భాష చేసుకున్నారు. ఇంగ్లండుకు చెందిన మార్టిన్ రిచర్డ్స్ గారు చేసిన బీసీపీఎల్ అనే భాష నుంచి అది వచ్చింది. బీ భాషలో అన్నీ ఒకే సైజు డబ్బాలు. అక్షరమైనా, సంఖ్య అయినా అదే డబ్బాలో పెట్టాలి. తర్వాత వాళ్ళకు పీడీపీ-11 అనే కొత్త యంత్రం వచ్చింది. అందులో చిన్న చిన్న గదులు ఉన్నాయి, ఒక్కో గదిలో ఒక్కో అక్షరం పడుతుంది. బీ భాష దానికి సరిపోలేదు. అప్పుడు రిచీ గారు అక్షరానికి చిన్న డబ్బా, సంఖ్యకు పెద్ద డబ్బా అని వేరువేరుగా చేస్తూ బీ భాషను మార్చుకుంటూ పోయారు. 1971 నుంచి 1973 వరకు ఈ పని జరిగింది, ఎక్కువ భాగం 1972లో. బీ తర్వాత వచ్చింది కాబట్టి దానికి సీ అని పేరు పెట్టారు. ఇంతకన్నా సాదా పేరు ఇంకొకటి ఉండదేమో! 1973 ఎండాకాలంలో యూనిక్స్ గుండెకాయ భాగాన్ని మొత్తం సీ భాషలో తిరగరాశారు. దాంతో యంత్రం మారినా అంతా మొదటి నుంచి రాసుకునే బాధ తప్పింది.

ఇప్పుడు నా సర్టిఫికెట్టు సంగతికి వస్తాను. కంప్యూటరు లోపల ఎన్ని లెక్కలు చేసినా అది బయటికి అచ్చు కావాలి గదా. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాషలో అచ్చు వేసే మాటలు భాషలోనే కలిసి ఉన్నాయి. ఏ సంఖ్య ఎన్ని అంకెల చోటులో రావాలో చెప్పడానికి ఫార్మాట్ అనే వాక్యం ఉండేది. భాష చేసినవాళ్ళు ఏ పద్ధతి పెడితే అదే అందరికీ. సీ భాషలో మాత్రం అచ్చు వేయి అనే మాటే లేదు! నేను మొదట నమ్మలేదు. అచ్చు వేసే పనిని భాష బయట పెట్టారు. అది ఒక ఫంక్షను, అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి పని చేసే చిన్న ప్రోగ్రాము. దాని పేరే ప్రింట్‌ఎఫ్. దాన్ని కూడా అదే సీ భాషలో రాసుకోవచ్చు. ప్రింట్‌ఎఫ్‌ను రిచీ గారు ఒక్కరే చేశారని అనుకోవద్దు. బీ భాషకే ఆ పేరుతో ఒకటి ఉండేది. సీ భాషకు మైక్ లెస్క్ అనే ఆయన 1972, 1973లలో రాసిన ఫంక్షనుల మూటనే తర్వాత సరిచేసి అందరికీ ప్రామాణికం చేశారు.

అది ఎట్లా పని చేస్తుందో మనకు తెలిసిన దానితో చెబుతాను. స్టడీ సర్టిఫికెట్టు ఫారం చూశారు గదా. కుమారి అని ఉండి ఒక ఖాళీ, తండ్రి అని ఉండి ఒక ఖాళీ, తరగతి అని ఉండి ఒక ఖాళీ. ప్రింట్‌ఎఫ్‌కు ఇచ్చే మొదటి వాక్యం అట్లాంటి ఫారమే. ఖాళీ ఉన్న చోట గీత బదులు శాతం గుర్తు పెడతారు. %ఎస్ అంటే ఇక్కడ మాటలు నింపు అని. %డి అంటే ఇక్కడ సంఖ్య నింపు అని. ఫారం తర్వాత నింపాల్సినవి వరసలో నిలబెడతారు, ప్రార్థనలో మనం నిలబడ్డట్టు. ఫంక్షను ఫారాన్ని ఒక్కో అక్షరం చదువుకుంటూ పోతుంది. మామూలు అక్షరం వస్తే అట్లాగే అచ్చు వేస్తుంది. శాతం గుర్తు వస్తే ఆగి పక్క అక్షరం చూస్తుంది. వరసలో ముందు నిలబడ్డదాన్ని తీసుకుని ఆ ఖాళీలో నింపి మల్లా ముందుకు పోతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. అది వరసలో ఉన్నవాళ్ళను నీ పేరేమిటి, నువ్వు నాయనవా, ఊరివా అని అడగదు. ముందు ఎవరుంటే వాళ్ళను తీసుకుంటుంది. తండ్రి పేరూ మాటలే, ఊరి పేరూ మాటలే. వరసలో అటుది ఇటు నిలబెడితే అటుది ఇటే అచ్చవుతుంది. మా కాయితంలో జరిగినది ఈ జాతి తప్పే. కంప్యూటరు తనంతట తాను చేయలేదు, వరస నిలబెట్టిన మనిషి చేసింది. సంఖ్య వస్తుందని చెప్పి మాటలు నిలబెడితే ఇంకా ఘోరం. ఏదో అర్థంలేని సంఖ్య వస్తుంది, ఒక్కోసారి ప్రోగ్రామే పడిపోతుంది. మూడు ఖాళీలు పెట్టి ఇద్దరినే నిలబెడితే మూడో ఖాళీలో పక్కన జ్ఞాపకంలో పడి ఉన్న చెత్త ఏదో తెచ్చి నింపుతుంది. వరసలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకునే దారి దానికి లేదు. ఫారంలో నువ్వు ఏం చెప్పావో అదే దానికి నమ్మకం.

ఇంత అమాయకంగా ఎందుకు చేశారంటే, ఒకటి, వాళ్ళ మొదటి పీడీపీ-11లో ఉన్న జ్ఞాపకం మొత్తం 24 కిలోబైట్లు. ప్రతిదీ తనిఖీ చేసే కాపలా పెడితే పని చేసే చోటు మిగలదు. రెండోది, సీ భాష స్వభావమే అంత. రాసేవాడికి తెలుసు అని అనుకుని పని అప్పగించే భాష అది. నాకు ఇది మంచిదో చెడ్డదో ఒక్కోసారి ఒక్కోలా అనిపిస్తుంది. చదువు వచ్చినవాడి చేతిలో మంచిదే. తప్పు కొడితే మాత్రం నష్టం కొట్టినవాడికి కాదు, కాయితం తీసుకున్నవాడికి. ఇప్పటి కంపైలర్లు ఫారాన్నీ వరసనూ పోల్చి చూసి, సంఖ్య చోట మాటలు ఉంటే ముందే హెచ్చరిస్తాయి. కాని తండ్రి చోట ఊరు ఉంటే అవి కూడా ఏమీ అనవు.

1978లో రిచీ గారు, బ్రయాన్ కెర్నిగన్ గారు కలిసి సీ భాష నేర్పే పుస్తకం రాశారు. 228 పేజీలే. ప్రపంచానికి నమస్కారం చెప్పే రెండు మాటలు అచ్చు వేయడమే అందులో మొదటి పాఠం, అది కూడా ప్రింట్‌ఎఫ్‌తోనే. కంప్యూటరు నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ అదే రాసి మొదలుపెడతారు. హైదరాబాదులో అమీర్‌పేట కోచింగు సెంటర్లలో సీ నేర్చుకుని ఉద్యోగాలకు పోయినవాళ్ళు ఎంతోమంది అంట. 1988లో వచ్చిన రెండో ముద్రణలో నాకు నచ్చిన భాగం ఉంది. ఏడో అధ్యాయంలో వాళ్ళు చిన్న ప్రింట్‌ఎఫ్ ఒకటి రాసి చూపించారు. దానికి మూడు రకాల ఖాళీలే తెలుసు: సంఖ్య, దశాంశ సంఖ్య, మాటలు. నింపేవి ఎన్ని వస్తాయో ముందు తెలియదు అని చెప్పడానికి మూడు చుక్కలు పెడతారు. తర్వాత మూడు పనులు. వరస మొదలు చూపించడం, తర్వాతది ఏ రకమో చెప్పి తీసుకోవడం, చివరికి వరస ముగించడం. అంతే, ఒక పేజీ కూడా నిండదు. పెద్ద పనిముట్టు చేసినవాళ్ళే దాన్ని విప్పి, ఇదిగో లోపల ఇట్లా ఉంటుంది, కావాలంటే నువ్వూ చేసుకో అన్నట్టు పెట్టారు.

అందుకని మేము నలుగురం కలిసి ఒకటి చేసుకున్నాం. ప్రింట్‌ఎఫ్ లక్షను మామూలుగా 100000 అని వేస్తుంది, సున్నాలు లెక్కపెట్టుకోలేక చస్తాం. మన పద్ధతిలో 1,00,000 అని రావాలని %ల అనే కొత్త ఖాళీ పెట్టుకున్నాం. సంఖ్యను అచ్చు వేయడం తేలిక అనుకున్నాం గాని కాదు. 507 తీసుకోండి. 10తో భాగిస్తే శేషం 7. మిగిలిన 50ని భాగిస్తే శేషం 0. మిగిలిన 5ని భాగిస్తే శేషం 5. అంటే అంకెలు తిరగబడి వస్తాయి, 7, 0, 5 అని. వాటిని వరసగా డబ్బాల్లో దాచి చివర నుంచి వెనక్కి అచ్చు వేయాలి. ఇంకొకటి, 7 అనే సంఖ్య వేరు, 7 అనే అక్షరం వేరు. కంప్యూటరులో 0 అనే అక్షరానికి గుర్తు 48. కాబట్టి ప్రతి అంకెకూ 48 కలిపితేనే తెర మీద అంకె కనబడుతుంది. మొదట మేము సంఖ్య సున్నా కానంతవరకు భాగించు అని రాశాం. అన్నీ బాగా వచ్చాయి, సున్నా ఇస్తే మాత్రం ఏమీ రాలేదు, ఉత్త ఖాళీ. ఒక్కసారి భాగించాక అప్పుడు చూడు అని మార్చాం. కామాలు కుడి నుంచి మూడు అంకెల తర్వాత ఒకటి, అక్కడి నుంచి రెండేసి అంకెలకు ఒకటి.

ఇట్లా సొంతంగా చేసుకున్నది మేమే అనుకోకండి. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి 1991లో లైనక్స్ మొదలుపెట్టినప్పుడు దాన్ని ఎక్కువగా సీ భాషలోనే రాశారు. కంప్యూటరు లోపలి అట్టడుగు పొరలో మామూలు ప్రింట్‌ఎఫ్ దొరకదు, ఎందుకంటే అది పైపొరలోని మూటలో ఉంటుంది. అందుకని లైనక్స్‌కు ప్రింట్‌కే అనే సొంత ఫంక్షను ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో అడుగున ఉన్నది లైనక్సే. వార్డెను మేడం గారి ఫోనులో కూడా.

రిచీ గారికి, థాంప్సన్ గారికి కలిపి 1983లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటరు శాస్త్రంలో అదే అన్నిటికన్నా పెద్దది. 1998 సంవత్సరానికి అమెరికా జాతీయ టెక్నాలజీ పతకం ఇద్దరికీ వచ్చింది, దాన్ని 1999లో అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా తీసుకున్నారు. 2011లో జపాన్ బహుమతి కూడా ఇద్దరికే. అన్నీ జంటగానే వచ్చాయి. ఆయన ఉద్యోగం అంతా ఒకే చోట, 2007లో రిటైరయ్యేదాకా. కంపెనీ పెట్టలేదు, ధనవంతుడు కావాలని తిరగలేదు. తోటివాళ్ళు ఆయన్ను పేరులోని మూడు పొడి అక్షరాలతో డీఎమ్ఆర్ అని పిలిచేవారు.

2011 అక్టోబరు 12న న్యూజెర్సీలో బర్క్‌లీ హైట్స్‌లోని ఇంట్లో ఆయన చనిపోయి ఉండగా చూశారు. వయసు 70. కొన్నాళ్ళుగా జబ్బుతో ఉన్నారు, ఒంటరిగా ఉండేవారు. ఏ రోజు ప్రాణం పోయిందో కూడా ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. దానికి ఒక వారం ముందే, అక్టోబరు 5న, ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ చనిపోయారు. ఆయన కోసం ప్రపంచమంతా దుకాణాల ముందర పూలు పెట్టారు. రిచీ గారి వార్త ఆయనతో పని చేసిన స్నేహితుడు చెబితే తెలిసింది. జాబ్స్ గారి ఫోన్ల లోపల ఉన్న ఏర్పాటు కూడా యూనిక్స్ వంశానిదే, సీ భాషతో కట్టినదే. ఈ రెండు చావుల గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ బైండు చేయని థీసిస్ ఏమైందంటే, దాని ప్రతి ఒకటి ఎన్నో ఏళ్ళ తర్వాత బయటపడింది. 2020లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు దాన్ని అందరూ చదువుకునేటట్టు పెట్టారు. రాసిన 52 ఏళ్ళకు.

గమనిక: మా %ల ఫంక్షను కంప్యూటరు గదిలో రెండో బల్ల మీది మిషనులో ఉంది. దానికి -100 ఇస్తే మైనస్ గుర్తు పక్కన ఒక కామా పడి, దాని తర్వాత 100 వస్తోంది. మైనస్‌ను కూడా అది అంకె అనుకుంటోందని నా అనుమానం. పదో తరగతి అక్కలు ఎవరైనా సాయంత్రం స్టడీ అవరుకు ముందు వచ్చి చూడగలరు.

— తొమ్మిదో తరగతి, ఆ సెక్షను